ఓపికను లెక్క చూసుకుంటూ: కోవిడ్ తగ్గాక వదలని నీరసంతో రోజులు నెట్టుకురావడం ఎలా

తెలుగులో ఓపిక అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒంట్లోని సత్తువనూ ఓపిక అంటాం, తొందరపడకుండా తాళుకోవడాన్నీ ఓపికే అంటాం. కోవిడ్ వచ్చి తగ్గాక నెలలు గడిచినా తేరుకోలేని మనిషికి ఈ రెండూ ఒకేసారి కావలసివస్తాయి. నేను ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పే మనిషిని. 2021 మే నెలలో, రెండో వేవ్‌లో, నాకు కోవిడ్ సోకింది. ఆసుపత్రిలో చేరవలసిన అవసరం రాలేదు, ఆక్సిజన్ పడిపోలేదు, పదిహేను రోజుల్లో జ్వరమూ దగ్గూ పోయాయి. అయినా బడులు తిరిగి తెరిచాక 45 నిమిషాల పీరియడు నిలబడి చెప్పలేకపోయాను. గుండె దడదడలాడేది, నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయేది, ఇంటికి వచ్చి మంచం మీద వాలితే అన్నానికి కూడా లేవబుద్ధి అయ్యేది కాదు. ఆ తర్వాతి రెండేళ్ళలో నేను తప్పులు చేసి నేర్చుకున్నవీ, వైద్యులు చెప్పగా సరిదిద్దుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. ఇవి రోజు గడుపుకోవడానికి పనికివచ్చే పద్ధతులే గాని, వైద్యుని సలహాకు బదులుగా వాడుకోవలసినవి కావు.

దీనికి లాంగ్ కోవిడ్ అనే పేరు పెట్టింది రోగులే. ఇటలీకి చెందిన పురావస్తు పరిశోధకురాలు ఎలీసా పెరెగో 2020 మే నెలలో తన అనుభవాన్ని చెబుతూ వాడిన మాట అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, కోవిడ్ మొదలైన సుమారు 3 నెలల నాటికి కనిపిస్తూ, కనీసం 2 నెలల పాటు కొనసాగుతూ, మరే జబ్బుతోనూ వివరించలేని లక్షణాలు ఉంటే ఈ స్థితిగా పరిగణిస్తారు. కోవిడ్ వచ్చిన ప్రతి 100 మందిలో సుమారు 6 మందికి ఇలా జరుగుతుందని ఆ సంస్థే అంచనా వేసింది. జబ్బు తీవ్రంగా వచ్చినవారికి ముప్పు ఎక్కువన్న మాట నిజమే గాని, స్వల్పంగా వచ్చి పోయినవారికీ ఇది రావచ్చు. మనవాళ్ళకు ఇది పూర్తిగా కొత్త సంగతి కూడా కాదు. 2005 చివర, 2006లో చికున్‌గున్యా ఆంధ్ర జిల్లాలను చుట్టేసినప్పుడు, జ్వరం వారంలో పోయినా కీళ్ళ నొప్పులతో నెలల తరబడి గోడ పట్టుకుని లేచిన పెద్దవాళ్ళను మనం చూశాం. వైరస్ వెళ్ళిపోయాక కూడా దాని దెబ్బ ఒంట్లో ఉండిపోతుందనడానికి ఇంట్లో చెప్పుకోదగిన ఉదాహరణ అదే.

మొదట చూపించుకోవలసినవి

అన్నిటినీ కోవిడ్ ఖాతాలో వేసేయడం ఎంత తప్పో, ఏమీ లేదని కొట్టిపారేయడమూ అంతే తప్పు. నీరసానికి రక్తహీనత, థైరాయిడ్, బీ12 లోపం, అదుపు తప్పిన షుగరు వంటి కారణాలు మన దగ్గర సర్వసాధారణం. వాటికి మందు ఉంది కాబట్టి వాటిని ముందు తేల్చుకోవాలి. దగ్గు రెండు వారాలు దాటి ఉంటే కోవిడ్ తాలూకు దగ్గేనని సరిపెట్టుకోకుండా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చేసే క్షయ పరీక్ష చేయించుకోవాలి. కోవిడ్ సమయంలో స్టెరాయిడ్లు వాడినవారు రెండు విషయాలు ప్రత్యేకంగా గమనించుకోవాలి. ఒకటి షుగరు: మునుపు లేనివారికి కూడా కొత్తగా బయటపడవచ్చు కాబట్టి మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోవడం మంచిది. రెండోది తుంటి కీలు: గజ్జల్లో నొప్పి మొదలై, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం కష్టమై, నడకలో కుంటు వస్తుంటే తుంటి ఎముక తలకు రక్తం సరిగా అందడం లేదేమోనని అనుమానించాలి. ఇది తొలి దశలో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐలో తెలుస్తుంది. ఆలస్యం చేస్తే కీలు మార్పిడి దాకా పోతుంది.

ఒక్కో బాధకు ఒక్కో స్పెషలిస్టు చుట్టూ తిరగడం కంటే, ముందు ఒక జనరల్ ఫిజీషియన్‌ను పట్టుకుని అన్నీ ఆయన చేతిలో పెట్టడం మేలని నా అనుభవం. వెళ్ళేటప్పుడు డిశ్చార్జి కాగితం, సీటీ స్కాన్ రిపోర్టు, వాడిన మందుల చీటీలు, ఇప్పుడు వాడుతున్న మందుల పట్టీలు ఒక సంచిలో పెట్టుకుని వెళ్ళాలి. అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతున్న మూడు సంగతులను ఒక కాగితం మీద రాసి చూపించాలి. “నీరసంగా ఉంటోంది” అని చెబితే బలానికి ఒక టానిక్ రాసి పంపే అవకాశం ఉంది. “రెండంతస్తులు ఎక్కిన రెండో రోజు నుంచి మూడు రోజులు మంచం దిగలేకపోతున్నాను” అని చెబితే వైద్యుడు ఆగి మరో ప్రశ్న అడుగుతాడు. నేను మొదట చూపించుకున్న చోట రిపోర్టులన్నీ చూసి అంతా మానసికమేనన్నారు. ఆ మాట పట్టుకుని ఆరు నెలలు నన్ను నేనే నిందించుకున్నాను. రిపోర్టులు నార్మల్‌గా రావడం అంటే మామూలు పరీక్షల్లో కనిపించే జబ్బు లేదని మాత్రమే అర్థం.

నీరసం అనగానే సెలైన్ ఎక్కించుకునే అలవాటు మన ఊళ్ళలో బలంగా ఉంది. గ్లూకోజు సీసా ఈ నీరసాన్ని తగ్గించదు, పైగా షుగరున్నవారికి చేటు చేస్తుంది. ఒళ్ళునొప్పులకని ఊళ్ళో ఇచ్చే పేరు తెలియని మాత్రల్లోనూ ఇంజెక్షన్లలోనూ స్టెరాయిడ్ ఉండవచ్చు కాబట్టి, పేరు చెప్పని మందును ఒంట్లోకి పోనివ్వకండి.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోకూడని జబ్బు

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు చెప్పిన మాట జీవితంలో చాలా చోట్ల నిజమే. ఈ జబ్బులో మాత్రం అది మనిషిని పడగొడుతుంది. 2021 దసరాకు ముందు ఒక ఆదివారం నాకు చాలా రోజుల తర్వాత ఒళ్ళు తేలిగ్గా అనిపించింది. మళ్ళీ ఇంత ఓపిక ఎప్పుడు వస్తుందోనని బూజు దులిపి, అటకమీది సామాను దించి, కర్టెన్లు నానబెట్టి ఉతికాను. ఆ రోజు బాగానే ఉంది, సోమవారం కూడా బాగానే ఉంది. మంగళవారం తెల్లవారుజామున చేతులు దిండు మీద నుంచి ఎత్తలేకపోయాను. గొంతు నొప్పి, జ్వరం వచ్చినట్టు ఒళ్ళు సలపరం, వెలుతురు చూస్తే చికాకు. తొమ్మిది రోజులు మంచం మీదే ఉన్నాను.

దీన్ని శ్రమానంతర నిస్సత్తువ అనవచ్చు. మామూలు అలసట పనితోపాటే వచ్చి ఒక నిద్రతో పోతుంది. ఇది పని చేసిన 12 గంటల నుంచి 72 గంటల లోపు ఎప్పుడైనా మొదలై, రోజులు, ఒక్కోసారి వారాలు ఉంటుంది. ఆలస్యంగా రావడం వల్లనే కారణం పట్టుబడదు. ఇవాళ్టి బాధకు ఇవాళ్టి పనిని తప్పుపడతాం, అసలు కారణం మొన్నటి పని అయి ఉంటుంది. శ్రమ అంటే ఒంటిపని ఒక్కటే కాదు. గంటసేపు ఫోనులో మాట్లాడటం, బ్యాంకు కాగితాలు నింపడం, పెళ్ళిలో మైకుల మధ్య కూర్చోవడం, ఇంట్లో ఒక గొడవ, ఇవన్నీ అదే ఖాతాలోంచి ఖర్చవుతాయి.

కాబట్టి మొదటి పని ఒక రూళ్ళ నోటుపుస్తకం కొనుక్కోవడం. ఎడమ పేజీలో ఆ రోజు చేసిన పనులు ఎంతసేపు చేశారో రాయాలి, కుడి పేజీలో ఉదయం లేచినప్పుడు ఎలా ఉందో 10కి ఎన్ని మార్కులో వేసి, రాత్రి నిద్ర ఎలా పట్టిందో ఒక మాట రాయాలి. మూడు వారాలు రాశాక వెనక్కి తిప్పి, బాగోలేని ప్రతి రోజు నుంచి రెండు మూడు రోజులు వెనక్కి వేలితో చూసుకుంటూ వెళ్ళాలి. నా పుస్తకంలో ఒక చోట ఇలా ఉంది: “శుక్రవారం: రేషన్ వేలిముద్ర కోసం 40 నిమిషాలు నిలుచున్నా. శనివారం: 6. ఆదివారం: 2, లేవలేదు.” మరో రెండు వారాల తర్వాత స్కూల్లో ప్రార్థన సమయంలో ఎండలో నిలబడిన రోజు వెనుక కూడా అదే వరస కనిపించింది. నన్ను పడగొడుతున్నది నడక కంటే నిలబడటమేనని ఆ పుస్తకమే చెప్పింది.

తర్వాతి పని, బాగోలేని రోజున కూడా ఇబ్బంది లేకుండా చేయగలిగినది ఎంతో కనుక్కుని, అన్ని రోజులూ అంతవరకే చేయడం. 20 నిమిషాల పనికి ఒళ్ళు అలుస్తుందని తెలిస్తే 12 నిమిషాలకే ఆపాలి. ఇంకా చేయగలనని అనిపిస్తున్నప్పుడే ఆపడం ఇందులో అన్నిటికంటే కష్టమైన భాగం, అందుకే ఫోనులో అలారం పెట్టుకోవడం నాకు పనికివచ్చింది. పనికీ పనికీ మధ్య విశ్రాంతి అంటే మంచం మీద పడుకుని ఫోను చూడటం కాదు, కళ్ళు మూసుకుని మాట్లాడకుండా 10 నిమిషాలు ఉండటం.

“నడిస్తే అదే తగ్గుతుంది, వ్యాయామం చెయ్యి” అనే సలహా ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. ఆ సలహా అందరికీ తప్పు కాదు. నడిచిన మర్నాడూ ఆ తర్వాతి రోజూ ఒళ్ళు హుషారుగా ఉంటే, మంచాన ఉండి కండలు తగ్గినవారే తప్ప ఈ సమస్య ఉన్నవారు కారు, మెల్లగా నడక పెంచుకోవచ్చు. నడిచిన రెండో రోజు కుప్పకూలుతుంటే మాత్రం పట్టుదలగా పెంచుకుంటూ పోవడం హాని చేస్తుంది. ఇదే లక్షణం ఉండే మరో దీర్ఘకాలిక నీరస వ్యాధి విషయంలో, నిర్ణీతంగా వ్యాయామం పెంచుకుంటూ పోయే చికిత్స ఇవ్వవద్దని బ్రిటన్‌లోని నైస్ అనే వైద్య మార్గదర్శక సంస్థ 2021 అక్టోబరులో తన సూచనలను మార్చుకుంది.

వంటింట్లో, స్నానాల గదిలో

మన ఇళ్ళలో ఓపిక ఎక్కువగా ఖర్చయ్యే చోటు వంటిల్లు. నిలబడి వండే గట్టు పక్కన ఎత్తైన స్టూలు ఒకటి వేసుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. కూరగాయలు ముందు రోజు సాయంత్రం టీవీ ముందు కూర్చుని తరిగి డబ్బాలో పెట్టుకోవాలి. పప్పు, అన్నం కుక్కరులో ఒకేసారి పెట్టి, పోపు మాత్రం నిలబడి వేసుకోవచ్చు. పచ్చడి రుబ్బడం, పిండి కలపడం, చపాతీలు ఒత్తడం వంటి చేతుల పనులు ఒకే పూట పెట్టుకోకూడదు. ఉతికిన బట్టలు బకెట్టు నిండా డాబా మీదకు మోసుకెళ్ళడం కంటే వరండాలో నడుము ఎత్తున దండెం కట్టుకోవడం మంచిది, ఎందుకంటే చేతులు తలకంటే పైకెత్తి చేసే పనికి గుండె ఎక్కువ కష్టపడుతుంది. స్నానం ఎత్తైన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, మరీ వేడి కాని నీళ్ళతో చేయాలి. వేడినీళ్ళకు రక్తనాళాలు వ్యాకోచించి లేవగానే కళ్ళు తిరుగుతాయి. తలస్నానం చేసిన రోజు మరో పెద్ద పని పెట్టుకోకండి. లోపల గడియ వేయకుండా తలుపు దగ్గరగా వేసుకుని, ఆ సంగతి ఇంటివాళ్ళకు చెప్పుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

కూలి చేసుకునేవారికి విశ్రాంతి తీసుకోమని చెప్పడం తేలిక, వాళ్ళకు అది రోజు కూలి పోవడమే. అలాంటివారికి నేను చెప్పగలిగింది పని మానమని కాదు, మార్చుకోమని: ఎండెక్కక ముందు చేసే పనిని ఎంచుకోవడం, మోత పనికి బదులు కూర్చుని చేసే పని ఏదైనా దొరికితే తీసుకోవడం, వరుసగా ఆరు రోజులు కాకుండా రెండు రోజుల పని తర్వాత ఒక రోజు విడిచి చూడటం. మొత్తంగా పడిపోతే పోయే కూలి దానికంటే ఎక్కువ. ఉద్యోగులు పై అధికారికి వైద్యుని చీటీతో పాటు స్పష్టమైన కోరిక ఒకటి రాసివ్వాలి. నేను సెలవు అడగలేదు, కుర్చీలో కూర్చుని పాఠం చెప్పడానికీ, వరుసగా రెండు పీరియడ్లు లేకుండా చూడటానికీ అనుమతి అడిగాను. కంప్యూటరు పని చేసేవారు మీటింగుల్లో కెమెరా ఆపుకోవడం, ఇంటి నుంచి పని చేసే రోజులు అడగడం వంటివి ఆలోచించుకోవచ్చు.

నిలబడితే దడ వస్తుంటే

లేచి నిలబడగానే గుండె దడ, కళ్ళు బైర్లు కమ్మడం, కాళ్ళు తేలిపోవడం ఉంటే ఇంట్లోనే ఒక పరిశీలన చేసి ఆ అంకెలు వైద్యునికి చూపించవచ్చు. పక్కన ఒక మనిషిని ఉంచుకుని, 10 నిమిషాలు వెల్లకిలా పడుకుని నాడి లెక్కపెట్టాలి. తర్వాత లేచి, గోడకు వీపు ఆనించి కదలకుండా నిలబడి 10 నిమిషాల పాటు రెండేసి నిమిషాలకొకసారి నాడి చూసి రాసుకోవాలి. కళ్ళు తిరిగితే వెంటనే పడుకోవాలి. వేలికి పెట్టుకునే ఆక్సిమీటరులో నాడి అంకె కూడా వస్తుంది. గోళ్ళరంగో గోరింటాకో ఉన్న వేలికి పెడితే అంకెలు తప్పుగా రావచ్చు. రక్తపోటు పడిపోకుండానే నాడి పడుకున్నప్పటి కంటే నిమిషానికి 30కి పైగా పెరిగి అలాగే ఉంటే, పిల్లల్లోనూ ఇరవై ఏళ్ళ లోపువారిలోనూ 40కి పైగా పెరిగితే, పాట్స్ అనే స్థితి ఉందేమో వైద్యుడు చూస్తారు. దానికి మందులూ ఉన్నాయి. నీళ్ళు ఎక్కువ తాగడం, కాళ్ళకు బిగువైన మేజోళ్ళు వేసుకోవడం, మంచం మీద నుంచి లేచేటప్పుడు ముందు కూర్చుని పిక్కలు నాలుగుసార్లు బిగించి వదలడం చాలామందికి ఉపకరిస్తాయి. ఉప్పు పెంచడం కూడా ఈ చికిత్సలో భాగమే, ఉప్పు వేసిన మజ్జిగ అందుకు మన ఇంట్లో ఉన్న సులువైన మార్గం. అయితే బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఉప్పు పెంచకూడదు.

ఆయాసం వచ్చినప్పుడు కుర్చీలో ముందుకు వంగి మోచేతులు మోకాళ్ళ మీద ఆనించుకుని, ముక్కుతో గాలి పీల్చి, వేడి పాలు ఊదినట్టు పెదవులు చుట్టి, పీల్చిన దానికి రెట్టింపు సేపు వదలాలి. ఊపిరి పీల్చే కసరత్తుకని 2021లో అందరూ కొన్న మూడు బంతుల స్పైరోమీటరును పందెంలా వాడి తల తిరిగేదాకా లాగడం వల్ల ప్రయోజనం లేదు.

ఊరికే కూర్చున్నా ఆయాసం, ఛాతీలో బరువు, స్పృహ తప్పడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, మూతి వంకర పోవడం, ఆక్సిజన్ 90కి దగ్గర పడటం, వీటిలో ఏది కనిపించినా లాంగ్ కోవిడ్ అని ఆగకుండా 108కి ఫోను చేయాలి.

పోపు వాసన తెలియని ఇల్లు

వాసన పోవడాన్ని చిన్న బాధగా చూస్తారు గాని, అన్నం మీద ఇష్టాన్నే తీసుకుపోయే బాధ ఇది. కొందరికి వాసన అసలు తెలియదు, కొందరికి తప్పుగా తెలుస్తుంది. మా ఇంట్లో మా అమ్మకు కోవిడ్ తర్వాత వెల్లుల్లి, ఉల్లి పోపులో పడితే ఏదో కుళ్ళిన కంపు కొట్టేది, కాఫీ గిన్నె దగ్గరికి తెస్తే ముఖం తిప్పుకునేది. డెబ్భై ఏళ్ళుగా పొద్దున్నే కాఫీ తాగిన మనిషి ఏడాది పాటు ఆ వాసన భరించలేకపోయింది. అలాంటప్పుడు వేయించిన, మాడ్చిన వంటలు తగ్గించి, చల్లారిన తిండి, పెరుగన్నం, ఇడ్లీ వంటివి పెడితే కాస్త తింటారు.

దీనికి ఒక సాధన ఉంది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి వాసనలు నాలుగు చిన్న సీసాల్లో పెట్టుకుని, రోజుకు రెండు పూటలా ఒక్కోదాన్ని సుమారు 20 సెకన్లు మెల్లగా వాసన చూడాలి. చూస్తున్నప్పుడు ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలి. నూనెలను చర్మానికి, ముక్కుకు తాకనివ్వకూడదు. కనీసం మూడు నెలలు మానకుండా చేయాలి. మా అమ్మకు నాలుగో నెలలో నిమ్మకాయ కోస్తుంటే వాసన అందింది. ఈ లోపల ఇంటి భద్రతను మరవకూడదు: వంట అయిన వెంటనే గ్యాస్ రెగ్యులేటరు కట్టేయడం, మిగిలిన కూరలను చూపుతో కాక తేదీతో నిర్ణయించడం, పాలు పొయ్యి మీద పెడితే అక్కడే కూర్చోవడం.

మాట తడబడటం, మతిమరుపు విషయంలో దాచుకోవడం కంటే రాసుకోవడం మేలు. బీపీ మాత్ర వేసుకున్నామో లేదో గుర్తులేక రెండోసారి వేసుకునే ప్రమాదం నిజంగా ఉంది కాబట్టి వారం రోజుల గళ్ళున్న మందుల డబ్బా కొనుక్కోవాలి. తల మొద్దుబారిన రోజున బండి నడపకూడదు. జుట్టు రాలడం జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు మొదలై సాధారణంగా తనంతట తానే ఆగిపోతుంది, దానికి ఖరీదైన నూనెలు అక్కర్లేదు. దిగులు ఎక్కువై బతుకు మీద విసుగు పుడుతుంటే, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కి ఫోను చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు. ఆ ఫోను చేసినంత మాత్రాన జబ్బు మానసికమని ఒప్పుకున్నట్టు కాదు.

ఇంట్లోవాళ్ళకు ఒక విన్నపం. నిన్న గుడికి వచ్చిన మనిషి ఇవాళ లేవకపోతే అది బద్ధకం కాదు, నిన్నటి గుడికి ఇవాళ కడుతున్న వడ్డీ. “ఎలా ఉంది” అని పదిసార్లు అడగడం కంటే, అడగకుండా నీళ్ళ బిందె ఎత్తి పెట్టడం ఎక్కువ సాయం. ముఖ్యంగా ఇల్లాలికి ఈ జబ్బు వస్తే ఆమె లేచి తిరుగుతున్నంత సేపూ బాగున్నట్టే లెక్కేసే అలవాటు మానుకోవాలి. మళ్ళీ కోవిడ్ రాకుండా చూసుకోవడం కూడా ఇంటిల్లిపాది పని: జలుబు చేసినవారు మాస్కు పెట్టుకోవడం, కిటికీలు తెరిచి ఉంచడం, టీకా విషయంలో వైద్యుని సలహా పాటించడం.

ఓపిక కొద్దికొద్దిగా తిరిగి వస్తున్నప్పుడు పెంచుకునే పద్ధతి ఇది. నోటుపుస్తకంలో రెండు వారాల పాటు పెద్ద పతనం లేకుండా మార్కులు నిలకడగా ఉంటేనే ఏదైనా పెంచాలి, అదీ ఒకే ఒక్క పనిని, ఉన్నదాంట్లో పదో వంతు మాత్రమే. 20 నిమిషాలు నడుస్తుంటే 22 నిమిషాలు చేసి, ఆ వారం మరేదీ ముట్టుకోకుండా మూడో రోజు దాకా చూడాలి. మూడో రోజు మార్కులు తగ్గితే తిరిగి 20కి వచ్చి ఇంకో రెండు వారాలు అక్కడే ఉండాలి, తగ్గకపోతే ఆ 22 నిమిషాలనే కొత్త లెక్కగా పుస్తకంలో రాసుకుని పేజీ తిప్పాలి.